ఆర్లో కలిపిన వైరు

ఉత్తర డకోటాలో, ఊరికి పదకొండు మైళ్ల దూరాన ఒక పొలం ఇల్లు. మంగళవారం మధ్యాహ్నం. వంటింటి బల్ల దగ్గర కంప్యూటరు ముందు మార్లిస్, పక్కన టెలిఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరైన పక్క పొలం ఆర్లో.

"ఎలక కొరికిందమ్మాయ్ వైరుని. కొత్త ముక్కేసి కలిపా. నెట్ వచ్చేసింది, చూస్కో."

"ఏం రావడం ఆర్లో గారూ! వాతావరణం పేజీ ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది."

"ఏదీ, ఇటు తిప్పు... నిజమే, నత్తనడక. ఎన్నాళ్లుగా ఇలా?"

"పూర్తిగా పోయింది నాలుగు రోజులే. నత్తనడక మాత్రం కోతలప్పట్నుంచీ. మా ఆయన డ్వేన్ ఈ కంప్యూటర్ని శుభ్రం చేసి ఇచ్చాడు, ఆ తర్వాతే. ఇంకో కేకు ముక్క పెట్టనా?"

"వద్దొద్దు."

"చిన్నది."

"వద్దంటే... సరే, చిన్నదే. ఇదేంటి? నువ్విప్పుడేం చెయ్యట్లేదు కదా?"

"చేతులు ఒళ్లోనే ఉన్నాయి."

"మరి లోపల్నుంచి బయటికి బోలెడు డేటా పోతోందే! ప్రింటర్ పేరు పెట్టుకున్న ప్రోగ్రామ్ ఏదో పంపిస్తోంది."

"మాకసలు ప్రింటరే లేదుగా."

"అదే నేనూ అంటున్నా. దొరవేషం కట్టిన దొంగ. ఉండు, దీని మూట విప్పుతా... మార్లిస్."

"ఊఁ?"

"ఇవన్నీ నీ తెర ఫొటోలు. నిమిషానికొకటి. నువ్వు కొట్టిన ప్రతి అక్షరమూ ఉంది. నాలుగు రోజులవీ పోగుపడి, ఇప్పుడు ఒక్కసారే పోతున్నాయి."

"ఎక్కడికి?"

"ఇంకొకళ్ల సంసారం సంగతి నాకెందుకులే."

"ఎక్కడికండీ?"

"ఈమెయిల్ చిరునామా ఇక్కడుంది. నువ్వే చదువుకో."

"డ్వేన్‌ది... పీకెయ్యండి! వైరు పీకెయ్యండి!"

"పీకేశా, పీకేశా!"

"ఎన్ని పోయాయి?"

"ఇంచుమించు అన్నీ."

"దేవుడా! ఆదివారం ఉత్తరం రాసుకున్నా ఇందులో. ఆయనకి. ముందు ఇక్కడ సరిచూసుకుని, తర్వాత కాగితమ్మీద ఎక్కించి బల్ల మీద పెట్టి ఇల్లొదిలి వెళ్లిపోదామని. నెట్ లేదు కదా, ఎవరు చూస్తార్లే అనుకున్నా. శుక్రవారం మా అక్క వచ్చి తీసుకెళ్తుంది. చర్చి ఫోన్‌లో మాట్లాడుకున్నాం. మూణ్ణెల్లు ఆర్లో గారూ, మూణ్ణెల్లు ఊపిరి బిగబట్టుకుని..."

"నీ కారు?"

"తాళాలు ఆయన జేబులోనే. ఎప్పుడూ అంతే."

"నా ట్రక్కుంది. లే, కోటేసుకో."

"ఇప్పుడేనా? నూనె బావుల దగ్గర షిఫ్టులో ఉన్నాడు. శనివారం గానీ రాడు."

"మార్లిస్... నెట్ పోయిందని అతనికి ఎప్పుడు చెప్పావ్?"

"నేనా? చెప్పలేదే! మీరు గుమ్మంలోకి వస్తూనే నెట్ లేదటగా అన్నారు, మీ ఇంట్లోనూ పోయిందేమో అనుకున్నా."

"మాకెందుకు పోతుంది? నన్ను పంపిందే డ్వేన్. పొద్దున ఫోన్ చేశాడు, మా ఆవిడ ఇబ్బంది పడుతోంది, కాస్త చూసిపెట్టు అని. అంత దూరాన ఉన్నవాడికి ఎలా తెలిసిందని అడగొద్దూ నేను? మన ఊరివాళ్లం అలాంటివి అడగం కదా. బుద్ధి గడ్డి తింది. ఈ ఫొటోలు రావడం ఆగబట్టే తెలిసిందన్నమాట."

"మీరు మళ్లీ ఆయనకేం చెప్పలేదు కదా?"

"పనైతే చెప్పడం మా పాత అలవాటు. వైరు కలపగానే మెసేజ్ పెట్టా, బాగైందని."

"ఏమన్నాడు?"

"కేకు తింటూ చూళ్లేదు. ఉండు, కళ్లద్దాలు... ఇదిగో, ఇప్పుడే వచ్చింది."

"చదవండి."

"ముందు కోటేసుకో నువ్వు."

"చదవండి ఆర్లో గారూ!"

"'థాంక్స్ ఆర్లో. అన్నీ అందాయి. నీ ట్రక్కు మా గేటుకి అడ్డంగా ఉంది, కాస్త పక్కకి తియ్యి. నేను లోపలికి రావాలి.'"