పక్క సీటు

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో పాత ఎయిర్‌ఫీల్డ్ మీద వేసిన రేస్ ట్రాక్ అది. పైకప్పు లేని పాతకాలపు తరహా చిన్న కారు పక్కన భర్త స్పానర్ పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. భార్య టీ ఫ్లాస్కుతో వచ్చి నిలబడింది.

“ఏం చేస్తున్నావ్?”

“నీ సీటు విప్పుతున్నా. బరువు తగ్గుతుంది.”

“పొద్దున్న వానలో తడుస్తూ దాన్లోనేగా వచ్చాను!”

“ట్రాక్ మీదికెళ్ళేముందు ఇక్కడందరూ విప్పేస్తారు. పోయినసారి రేసులో ఆ క్లైవ్ తన కారుతో నన్నెలా దాటేశాడో చూశావుగా.”

“చూశాను. పక్కన నేనున్నాను కదా. ‘ఈవిడ బరువు వల్లే’ అని అందరిముందూ నవ్వావు కూడా.”

“సరదాకన్నాలేవే.”

“రెండు చలికాలాలు గ్యారేజీలో ఈ కారుని ముక్కాముక్కా బిగిస్తుంటే లైటు పట్టుకుంది నేను. అప్పుడు బరువు కాలేదా? ఏరు దాటాక తెప్ప తగలేసినట్టుంది.”

“అబ్బ, మొదలెట్టావా! సాయంత్రం మళ్ళీ బిగిస్తాగా. అందాకా సీటు గడ్డి మీద వేస్తా, కూర్చుని చూడు.”

“బిగించకు.”

“మరి ఇంటికెలా వస్తావ్?”

“రాను. బస్సెక్కి అక్క దగ్గరికి పోతున్నా. నువ్వు తేలిగ్గా వెళ్ళు.”