మూడు యూనిఫాంల జట్టు

ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. పేరు పదో అంతస్తు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. ఆయన మాట ఏదైనా నేల మీద మొదలైందంటే పదో అంతస్తు దాకా ఎక్కడా ఆగదని, టైలర్ కొట్టు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు పెట్టిన పేరు. పాపం, ఆయన కూడా కోపం తెచ్చుకోకుండా ఆ పేరుకే పలుకుతాడు.

ఆ మధ్యాహ్నం పనిముట్ల సంచి దింపి బెంచీ మీద కూర్చునేసరికి ఆయన మనసు ఏమీ బాగాలేదు. నిన్న పొద్దున్న ఆయన జట్టు ఓడిపోయింది. ఎక్కడో జపాన్‌లో, పిల్లలు చాలక మూడు హైస్కూళ్లు కలిసి కట్టుకున్న బేస్‌బాల్ జట్టు అది, ఎవరి స్కూలు యూనిఫాం వాళ్లదే. ఆ టోర్నమెంటులో ఓడినవాడు అక్కడితో ఇంటికే. ఆరేళ్లుగా అక్కడి స్కూలు పిల్లల ఆటలు ఆయన ఫోన్లో ఒక్కడే చూస్తున్నాడు. "ఆ గుండు పిల్లల ఆట మళ్లీ మొదలైందా" అని ఇంట్లో భార్య పక్క గదిలోకి వెళ్లిపోతుంది. ఇక్కడ ఓడిపోయారని చెప్తే వీళ్లు "అయ్యో" అనేసి వీధిలో గుంతల గురించి మొదలెడతారు. గెలిచారంటే "ఎలా?" అంటారు. ఎవరైనా తన పక్కన కూర్చుని ఆ పిల్లల గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, దానికోసం ఆయన ఎంత అబద్ధమైనా ఆడతాడు.

"ఏం బావా, నీ జపానోళ్లు ఏమయ్యారు?" అన్నాడు రిటైరైన బస్సు కండక్టర్, పేపరు మడుస్తూ.

"ఏమవుతారు? గెలిచారు."

"ఎలా?" అంది పక్కన ఇస్త్రీ బండావిడ, చేతిలో పెట్టె ఆపకుండానే.

అంతే, ఆయన ప్రాణం లేచొచ్చింది. లోపల మిషను మీద మాత్రం టైలర్ మాస్టారు తలెత్తలేదు. టకటకా కుట్టుకుపోతూనే ఉన్నాడు.

"ఇందులో నేను చేసింది పెద్దగా ఏం లేదు చెల్లెమ్మా. మ్యాచ్‌కి ముందురోజు వాళ్ల వీడియో కింద ఒక ముక్క రాశాను, ధైర్యంగా ఆడండి బాబూ అని."

ఇంతవరకూ నిజమే. ఆ ముక్కని ఇప్పటిదాకా ఒక్కరూ చూడలేదన్నదీ నిజమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల కోచ్ నాకు ఫోన్ చేశాడు! అయ్యా, బంతి విసిరే కుర్రాడికి చెయ్యి వణికిపోతోంది, మీరే ఏదో ఒకటి చెప్పాలి అని ఒకటే గోల."

"ఏ భాషలో?" అన్నాడు కండక్టర్.

"భయపడ్డవాడికి భాషేంటి బావా, అడ్డుపడకు! నేనా, అప్పుడు బ్యాంకు బిల్డింగులో లిఫ్టు కింద గోతిలో ఉన్నాను. చేతినిండా గ్రీజు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చెప్పాను. నాయనా, బంతిని లిఫ్టులా వదులు, సగం దూరం వెళ్లి ఆగాలి, ఎవరూ ఎక్కడం లేదని చూసుకుని మళ్లీ కదలాలి, అన్నాను."

"ఆగడమా? గాల్లోనా?" ఆవిడ ఇస్త్రీ పెట్టె చొక్కా దాటి పక్కకి వెళ్లిపోయింది.

"గాల్లోనే! బ్యాటు పట్టుకున్నవాడు బంతి వచ్చేసిందనుకుని ఊపాడు. రాలేదు. మళ్లీ ఊపాడు. మూడోసారీ ఊపాడు. మూడుసార్లు ఊపి తగలకపోతే ఔటు, ఆటలో రూలది. వాడు తల దించుకుని పోయాడు, బంతి మాత్రం దారిలోనే ఉంది. ఇంకొకడొచ్చాడు, వాడూ అంతే. మూడోవాడూ అంతే. ఒక్క బంతికి ముగ్గురు! అంపైర్‌కి అనుమానం వచ్చి బంతి దగ్గరికి నడిచెళ్లాడు. కింద నుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, దారం కట్టారేమోనని పైన చెయ్యి ఊపి చూశాడు."

"కట్టలేదా?"

"కడితే నేను ఒప్పుకుంటానా!"

కండక్టర్ ఒళ్లోంచి పేపరు జారిపోయింది. అది చూసి పదో అంతస్తుకి ఇంకా హుషారొచ్చింది.

"సరే, మరి మనవాళ్లు పరుగులు తీయొద్దా?" అన్నాడు కండక్టర్.

"అక్కడికే వస్తున్నా. మన కుర్రాడు ఒక్కటి కొట్టాడు. బంతి స్తంభాల మీది దీపాలు దాటింది, మబ్బులు దాటింది, ఇక కనిపించలేదు. కింద అవతలి జట్టువాడు పట్టుకుంటానని తల పైకెత్తి నిలబడ్డాడు. గంటయ్యింది. ఎండగా ఉందని వాళ్లమ్మ గొడుగు తెచ్చి పట్టింది. అన్నం కలిపి నోట్లో పెట్టింది, వాడు తల దించకుండానే నమిలాడు. ఈలోగా మనవాళ్లు మూడు రంగుల బట్టల్లో మైదానం చుట్టూ గిరగిరా తిరుగుతూనే ఉన్నారు. స్కోరుబోర్డులో చోటు చాలక పక్క స్కూలు నుంచి నల్లబల్లలు మోసుకొచ్చారు! మొత్తం పన్నెండు వందల పరుగులు. ఆట అయ్యాక జనమంతా లేచి నా ఫోను వైపు తిరిగి వంగి దండం పెట్టారు. నేనూ వంగాను. నేను వంగితే లిఫ్టు ఊరుకుంటుందా? ఏడో అంతస్తు నుంచి మేనేజర్‌తో సహా దిగొచ్చి, నా తలకి జానెడు పైన ఆగి..."

మిషను ఆగింది.

"ఓడిపోయారు తమ్ముడూ," అన్నాడు టైలర్ మాస్టారు. "తొమ్మిది, ఒకటి. తేడా మరీ ఎక్కువైందని, తొమ్మిది వంతులు ఆడాల్సిన ఆటని ఏడో వంతుతోనే ఆపేశారు."

కండక్టర్ పగలబడి నవ్వాడు. ఇస్త్రీ బండావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదో అంతస్తు చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో లేచి పోదామని సంచి అందుకున్నాడు గానీ, ఒక మాట అడక్కుండా ఉండలేకపోయాడు.

"మీకెవరు చెప్పారు మాస్టారూ?"

"ఎవరో చెప్పడమేంటి, చూశాను. ఒకే జట్టులో మూడు రకాల బట్టలు అంటే నువ్వు కోస్తున్నావనుకున్నా. నలభై ఏళ్లుగా యూనిఫాంలు కుడుతున్నాను, అలాంటి జట్టు ఎక్కడా ఎరగను. నీ మాట తేల్చేద్దామని మనవరాలి చేత ఫోన్లో పెట్టించుకున్నా. బట్టలు చూసి ఫోను కట్టేద్దామనుకుంటే, అలాగే కూర్చుండిపోయాను. నిన్న ఇవ్వాల్సిన చొక్కాలు నాలుగు ఇంకా ఇక్కడే ఉన్నాయి చూడు."

మాస్టారు స్టూలు లాక్కుని బయటికొచ్చాడు.

"ఆ విసిరే కుర్రాడి వీపు మీద ఒకటో నెంబరు ఉంది కదా, అది చేత్తో కుట్టింది. ఇంట్లో ఎవరో కుట్టుంటారు, కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. ఆరో వంతులో పై మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. ఇక్కడ నా చెయ్యి సూది కోసం వెతుక్కుంది, నమ్ము. అప్పుడు వాడి బంతి పట్టేవాడు, వేరే రంగు బట్టలవాడు, పరుగెత్తుకొచ్చి ఆ మూలని అరచేత్తో వీపుకి అదిమి పట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. ఎనిమిది పరుగులు వెనకబడి ఉన్నారా, ఆ కుర్రాడు నవ్వాడు! ఏం చెప్పాడు తమ్ముడూ వాడు?"

కండక్టర్ నవ్వు ఆపి ఇటు తిరిగాడు. ఇస్త్రీ బండావిడ దగ్గరికొచ్చి నిలబడింది. ముగ్గురూ పదో అంతస్తు నోటివైపే చూస్తున్నారు. నిన్న వీడియోలో ఆ చోటు ఆయన నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. జవాబులూ నాలుగు సిద్ధంగానే ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. నోరు తెరిచాడు.

"నాకు తెలీదు మాస్టారూ."

ఆ బెంచీ మీద ఆయన నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. కండక్టర్ కళ్లజోడు చొక్కా అంచుకి తుడుచుకుని పక్కకి జరిగాడు.

"ఏదీ, ఫోను తియ్యి బావా. ఆ ఒక్క ముక్కే కాదు, మొదటినుంచీ పెట్టు. ఆ ఓడిపోయిందే పెట్టు."