రిబ్కమ్మ తెప్పించిన సీసా

నారాయణఖేడ్‌లో ఒక డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూం. సముదాయాల చరిత్ర చెప్పే లెక్చరర్ నోటుపుస్తకం మూసి, ఎదురుగ నిలబడ్డ స్టూడెంట్ దిక్కు చూసింది.

“మీ కులం గానోళ్ల ఇంటికి పోయి, వాళ్ల చరిత్ర అడిగి రాయమన్న. పదహారు పేజీలు రాసినవ్. రిబ్కమ్మ ఇంట్ల ఎంతసేపు కూసున్నవ్?”

“రెండు గంటలు, మేడం. వాళ్ల తాత బాప్తిస్మం తీసుకున్న కాడికెల్లి అన్నీ చెప్పింది.”

“తాగనీకి ఏమిచ్చింది?”

“కూల్‌డ్రింక్. మనుమరాలిని దుకాణానికి తోలి తెప్పించింది.”

“ఇంట్ల నీళ్లు లేవా?”

“కుండ నిండ ఉన్నయ్. వాళ్లు గవే తాగిండ్రు.”

“మరి నీకెందుకు సీసా?”

“మావోళ్లు వాళ్లింట్ల నీళ్లు ముట్టరు గద మేడం. అందుకే.”

“‘నాకు గూడ నీళ్లే ఇయ్యి’ అని నువ్వు అడిగినవా?”

“లేదు.”

“పదహారు పేజీలల్ల గీ ముచ్చట లేదు. మళ్ల రాయి.”

“గింత చిన్నదానికా మేడం?”

“పోయిన నెల నీ హాజరు గురించి మాట్లాడనీకి నేను, మ్యాథ్స్ సార్ మీ ఇంటికొచ్చినం. మీ అమ్మ నాకు చాయ్ దేంట్ల ఇచ్చింది?”

“కాయిదం గిలాసల.”

“సార్‌కు?”

అతను నోటుపుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

“స్టీలు గిలాసల.”

“ఊఁ.”

“గది గూడ రాయాల్నా మేడం?”

“నీ ఇష్టం. రాస్తే మాత్రం, ముందుగాల మీ అమ్మకు సదివి వినిపియ్యి. సోమవారం తెచ్చియ్యి.”