బీట్‌రూట్ చేలో కూలినవాడు

"మన సందు చివరి త్రూస్ ఏమంటోందో విన్నారా అత్తయ్యా? మనం ఏటా పూలు పెట్టే ఈ సమాధిలోని ఎల్డనే యుద్ధంలో మన ఊరి మీద పొరపాటున బాంబులు వేశాడట!"

తమ ఊరి దగ్గరి మార్‌గ్రాటెన్‌లో, రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ చనిపోయిన అమెరికా సైనికుల శ్మశానంలో అది మే నెల సంస్మరణ సభ. పేరు తెల్లరాతి మీద స్పష్టంగా కనబడాలని అత్తగారు అక్షరాల్లోకి తడి ఇసుక రుద్దుతోంది. వచ్చే ఏడు నుంచి ఈ సమాధిని కోడలే చూసుకోవాలి.

"త్రూస్ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఈసారి నిజమే చెప్పింది."

"నిజమా! మీ తమ్ముడు పోయింది ఆ బాంబులకే కదా?"

"వాడికి నాలుగేళ్లు. అదే మధ్యాహ్నం ఇతని విమానం మా బీట్‌రూట్ చేలో కూలింది."

"అయ్యో! మీ అమ్మగారు తెలియక ఈ సమాధిని దత్తత తీసుకున్నారన్నమాట."

"తెలియకపోవడమేమిటి? ఇతని శవాన్ని దుప్పట్లో ఎత్తుకొచ్చిన వాళ్లలో అమ్మ ఒకతి. ఈ సమాధులు చూసుకోవడానికి ఊరివాళ్లకి దత్తతకిస్తారనగానే వెళ్లి, ఇతనిదే కావాలని పట్టుబట్టింది."

"నావల్ల కాదు అత్తయ్యా. కొడుకును చంపినవాడికి పూలు పెట్టే గుండె నాకెక్కడిది?"

అంతలో తల మీదుగా విమానాలు బారు తీరి వెళ్లాయి, పోయినవాళ్ల గుర్తుగా మధ్యలో ఒకదాని చోటు ఖాళీగా వదిలేసి. జనమంతా తలలెత్తారు.

"మా నాన్న కూడా అదే మాటన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు."

"మరి మీ అమ్మగారేమన్నారు?"

"'నా బిడ్డ దగ్గరికి నేను రోజూ నడిచి వెళ్తున్నాను. వీడి తల్లి నడిచి రాగలదా?' అంది."