‘ఇంకొక్క లోడు’ అన్నవారికి

సభకు పెద్దగా కూర్చున్న యజమాని బాబుగారికి, పక్కనున్న మేనేజరుగారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ డ్రైవర్లకు, చంటిపిల్లల్ని సముదాయిస్తూ ఆ మూల కూర్చున్న వాళ్ల ఇల్లాళ్లకు, అందరికీ నా నమస్కారాలు.

నేను పెద్దగా చదువుకోలేదు. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. ‘అమ్మా, థాంక్స్ అని చెప్పి దిగిపో, నీ బెంగలన్నీ అక్కడ విప్పకు’ అని మా పెద్దమ్మాయి దారి పొడుగునా చెవిలో పోరుతూనే వచ్చింది. అలాగే అనుకుని వచ్చాను కూడా. కానీ అమ్మాయీ, ఇందాక టీ దగ్గర విన్న మాటకి ఆ థాంక్స్ కాస్తా అక్కడే వదిలేసి వచ్చాను. నువ్వు అలా కళ్లు పెద్దవి చెయ్యకు.

రిటైరవుతున్న మా ఆయన గురించి అందరూ మంచి మాటలే చెప్పారు. ఉక్కుమనిషి అన్నారు, ఒక్కరికీ గీత పడనివ్వలేదన్నారు, ఆయన చెయ్యి పడితే బండి ఆవులా నడిచేదన్నారు. సంతోషం. బహుమానంగా ఇదిగో, ఈ పెట్టె ఇచ్చారు. చక్రాల పెట్టె. బతుకంతా చక్రాల మీద తిరిగి ఇవాళ దిగిన మనిషికి మళ్లీ చక్రాలే ఇచ్చారే, కుదురుగా కూర్చోడానికి ఒక కుర్చీ ఇద్దామని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదా బాబూ? (నవ్వులు)

నవ్వండి. నేనూ నవ్వాను, టీ దగ్గరికి వెళ్లేదాకా. అక్కడ మేనేజరుగారు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ‘బాబాయ్, కొత్త డ్రైవరు చెయ్యిచ్చాడు, రేపు పొద్దున్న ఇంకొక్క లోడు దింపి వచ్చెయ్, పెట్టె కూడా పనికొస్తుంది’ అని బండి తాళం ఆయన చొక్కా జేబులో వేశారు. ఈయన తల ఊపాడు. నిలువుగా ఊపడమే గానీ అడ్డంగా ఊపడం ఈ మనిషికి ఎవరూ నేర్పలేదు.

నాకు భయం ఎక్కువ. మా వీధిలో అందరికీ తెలుసు. గాలికి తలుపు కొట్టుకున్నా ఎవరో కబురు తెచ్చారనుకుంటాను, ఆకాశం మబ్బేస్తే ఆ దారిలో కూడా వాన పడుతోందేమో, టైర్లు జారుతున్నాయేమో అని వంటింట్లో నిలబడి పొయ్యి వెలిగించడం మరిచిపోతాను. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి ఆయనతో లారీ ఎక్కాను, సరదాగా ఉంటుందని. పెట్రోలు బంకు వెనక కుళాయి కింద లుంగీతో స్నానం, బండి నీడలో స్టవ్వు వెలిగించి ఉడికీ ఉడకని అన్నం, అది నోట్లో పెట్టుకుంటూనే రెండో చేత్తో తాడు బిగించి టార్పాలిన్ కింద సరుకు తడిసిందేమో చూసుకోవడం, ఆగినప్పుడల్లా ఇనపరాడ్డుతో ఒక్కో టైరు కొట్టి, గాలి ఉందో లేదో అని చప్పుడు వినడం. సరుకు దింపే చోట గేటు తియ్యరు. ఎండలో బండ్ల వెనక బండ్లు. ‘నిద్రపోకూడదా?’ అంటే, ‘ముందు బండి కదిలినప్పుడు మనం కదలకపోతే వెనకవాడు తిడతాడే’ అన్నాడు. సీటు వెనక బల్ల మీద కాళ్లు ముడుచుకుని పడుకునేవాడు, ఇప్పటికీ ఇంట్లో అంత మంచం ఉన్నా మూలకి ముడుచుకునే పడుకుంటాడు.

అది చూశాక నేను ఒకటి నిర్ణయించుకున్నాను. ఫోన్లు వచ్చాక కూడా, ఆయన దారిలో ఉన్నప్పుడు నా అంతట నేను ఫోను చెయ్యలేదు. బండి ఆపాక ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవాడు, అప్పుడు చేసేదాన్ని. ఇదిగో, ఈ పెద్దమ్మాయికి పురిటి నొప్పులు వచ్చి, డాక్టరమ్మ కత్తి పట్టాలేమో అన్నప్పుడు కూడా, ఫోను చేతిలో పెట్టుకుని ఆస్పత్రి వరండాలో అటూ ఇటూ తిరిగానే గానీ నొక్కలేదు. స్టీరింగు మీద చెయ్యి తీస్తాడేమో అని. బెంగతో చచ్చేదాన్ని నేనే చెయ్యలేదే, మీ ఆఫీసుకి ఏమొచ్చింది? బండిలో ఏదో మిషను పెట్టారు, చక్రం ఆగితే ఇక్కడ తెలుస్తుందట. రోడ్డు పక్కకి వెళ్లి లుంగీ ఎత్తేలోపు ఫోను. ‘బండెందుకు ఆగింది?’ ఎందుకు ఆగుతుంది నాయనా! (నవ్వులు) కదిలాక మళ్లీ ఫోను, ‘ఎక్కడున్నావు?’ ఆ ఫోన్లు చేసే అబ్బాయి ఆ కిటికీ దగ్గర కూర్చున్నాడు. తల దించుకోకు బాబూ, నీ మీద నాకు కోపం లేదు. ఉంది, కానీ నీచేత చేయించిన వాళ్ల మీద ఎక్కువుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన కుడికాలికి స్పర్శ పోయింది. వంటింట్లోంచి గదిలోకి వస్తే కుడి చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోతుంది, ఈయన ఒంటి చెప్పుతో వచ్చి కూర్చుంటాడు, నేను వెనకే వెళ్లి తెచ్చి తొడుగుతాను. బ్రేకు తొక్కేది ఆ కాలే. బండి ఎక్కడానికి వీల్లేదని డాక్టరుగారు నా ఎదురుగానే చెప్పారు. ఆ సంగతి మేనేజరుగారికి చెప్పానని ఈయన అన్నాడు. ఏమండీ మేనేజరుగారూ, చెప్పాడా లేదా?

‘కాలు ఇప్పుడు బాగానే ఉందన్నాడమ్మా’ అంటున్నారు మేనేజరుగారు.

అంటాడు. మీరు అడిగితే తల కూడా బాగానే ఉందంటాడు. ఆ దారిలో బడి వదిలే వేళకి పిల్లలు రోడ్డు దాటరా? ముందు స్కూటరు మీద వెళ్లేవాడికి ఇంట్లో నాలాంటిది ఒకత్తి ఉండదా? మీ సరుకు ఒక రోజు ఆలస్యమైతే కొంపలు మునుగుతాయా?

అదిగో, లేచాడు. నన్ను దించడానికే వస్తున్నాడు. రావయ్యా, రా. దారి ఇవ్వండి బాబూ. అందరూ ఒక్కసారి ఆయన కాళ్ల వంక చూడండి.

చూశారా? ఆ రెండో వరుస పక్కన, కుర్చీ కాలికి తగిలి.

(ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు)

ఏమయ్యా, నీ కుడి చెప్పేది?

‘కాలికే ఉందిగా, దిగవే నువ్వు ముందు’ అంటున్నాడు. మైకులో వినబడిందా అందరికీ? కాలికే ఉందట.

చూసుకో. ... ఏడవకు. ఇంతమందిలో నీ పరువు తీశాను, ఇంటికెళ్లాక తిట్టు, పడతాను. జేబులో తాళం ఇలా ఇవ్వు. ఇచ్చాడు. బాబుగారూ, మీ తాళం మీ ముందే పెడుతున్నాను. పెట్టె కూడా ఉంచుకోండి, రేపు ఆ లోడుతో ఎవరు వెళితే వాళ్లకి పనికొస్తుంది. మా ఆయన ఫోను ఇకమీద నా దగ్గర ఉంటుంది. మోగితే నేనే ఎత్తుతాను, ఆఫీసు వాళ్లైతే మాత్రం ఇప్పుడు మాట్లాడినంత మర్యాదగా మాట్లాడను.

ఓపికగా విన్నందుకు పెద్దలకు, వేడిగా టీ ఇచ్చిన తల్లికి, వెనక గోడకు ఆనుకుని ఇందాకటి నుంచి చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు నలుపుకుంటున్న డ్రైవర్లకు దండాలు. మీ ఇంటావిడలు చెప్పేది కూడా వినండి నాయనా.

ఆ చెప్పు ఎవరైనా కాస్త ఇలా అందించండి, తొడగాలి. ఇంటికి వెళతాం. సెలవు.