గడపకి అడ్డం

నారిన్ పట్నంలో మొగుళ్ళ చేత దెబ్బలు తిన్న ఆడవాళ్ళు తలదాచుకునే కేంద్రం. వాళ్ళ గోడు విని మనసు కుదుటపరిచే నాజీరా గదిలోకి బురుల్ తలుపు తట్టకుండానే వచ్చింది. బురుల్ కోడలు ఇల్లు వదిలి పదకొండు రోజులైంది. కుర్చీ చూపిస్తే ఆమె కూర్చోలేదు.

"డాక్టరన్నారు. సూది లేదు, మందుసీసా లేదు. రెండు కుర్చీలు, ఒక టీ కెటిలు. దీనికే జీతమిస్తున్నారా నీకు?"

"కూర్చోండి అపా."

"అపా అనకు. నీలాంటి కూతుర్ని నేను కన్లేదు. నా కోడలికి ఏం నూరిపోశావో చెప్పు, నా దారిన నేను పోతా."

"ఇక్కడికి ఎవరొస్తారో, ఎవరు రారో బయటివాళ్ళకి చెప్పను."

"నేను బయటిదాన్నా? ఐదేళ్ళు నా చేతి రొట్టె తిన్న పిల్ల అది. అయ్‌పెరీ. ఎడం కనుబొమ్మ మీద మచ్చ ఉంటుంది."

"ఆ మచ్చ ఎలా వచ్చింది?"

"పడింది."

"దేనిమీద పడింది?"

"పడిందన్నాగా. నన్నడక్కు, అడగడానికొచ్చింది నేను. ఆదివారం ఆదివారం సంతకి ఉన్ని కంబళ్ళు అమ్మడానికి పోతున్నానని చెప్పి, ఇక్కడికొచ్చి కూర్చునేదట. సంతలో రొట్టెలమ్మే ఆవిడ చెప్పింది. బుకాయించకు."

"బుకాయించడం లేదు. చెప్పనంటున్నా, అంతే."

"సరే, చెప్పకు. ఒక్కటి చెప్పు. దానికి ఒంట్లో ఎలా ఉంది? జ్వరం గిరం ఏమైనా వచ్చిందా?"

"ఎందుకు, రావాలా?"

"అడిగినదానికి చెప్పు."

"చెప్పను."

"మరి చంటిదానికి? నా మనవరాలు ఐదానాకి పాలు పడుతోందా, ఎండిపోయాయా?"

"ఓహో. అర్థమైంది. ఇల్లు వదిలినప్పుడు పెట్టిన శాపం పనిచేసిందో లేదో చూసుకోడానికొచ్చారా మీరు?"

"శాపం గురించి నీకెవరు చెప్పారు?"

నాజీరా టీ కెటిలు పక్కకి జరిపింది.

"చూశావా, చెప్పింది. అంటే వచ్చింది. ఇక్కడే ఉంది."

"ఇక్కడ లేదు. ఎక్కడుందో నన్ను చంపినా చెప్పను. మీవాడికీ అదే చెప్పండి."

"మావాణ్ణి మధ్యలోకి లాగకు. సమత్ మంచోడే. తాగినప్పుడే వాడికి చెయ్యి ఆగదు."

"వారానికి ఎన్నిరోజులు తాగుతాడు?"

"మగాడు. వాళ్ళ నాన్న తాగలేదా? నేను పడలేదా? నేను ఏ కేంద్రానికి పోయా? కాపురం చేసుకున్నా, పెంచుకున్నా, పెళ్ళి చేశా."

"పెళ్ళి చేశారా? నలుగురు స్నేహితుల్ని వేసుకుని, ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లని కార్లో పడేసుకొచ్చాడు. పెళ్ళయిపోయినట్టే అని మీరు తలమీద తెల్లగుడ్డ కప్పారు. అది పెళ్ళా?"

"అందరూ చేసేదే మేమూ చేశాం. నన్నూ అలాగే తెచ్చారు. మా అమ్మనీ అలాగే తెచ్చారు. అయ్‌పెరీ కూడా ఏడ్చింది, ఊరుకుంది."

"ఊరుకోలేదు. బయటికి పరిగెత్తబోయింది. మీరు గడపకి అడ్డంగా పడుకున్నారు."

"పడుకున్నా. మన జాతిలో పెద్దది గడపకడ్డం పడుకుంటే, దాటితే శాపమని ఏ పిల్లా దాటదు. అదీ దాటలేదు. పెంపకం గల పిల్ల. అలాంటిది పదకొండు రోజుల కింద సంచీ భుజాన వేసుకుని, చంటిదాన్ని ఎత్తుకుని బయల్దేరింది. మళ్ళీ పడుకున్నా. అరవైమూడేళ్ళదాన్ని, నడుం నొప్పి, అయినా పడుకున్నా. ఈసారి దాటింది. నా మీదనించి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. మధ్యలో ఏం వచ్చింది? నువ్వు. నువ్వే వచ్చావు."

"మధ్యలో ఐదేళ్ళు గడిచాయి. పక్కటెముకలు రెండు విరిగాయి."

"ఏ మాట చెప్పావు దానికి?"

"ఏమీ చెప్పలేదు. విన్నాను."

"వింటే దాటుతారా?"

"దాటుతారు."

"కాకమ్మ కబుర్లు నా దగ్గర చెప్పకు. ఏదో మాట ఉంటుంది. భయం పోయే మాట. ముల్లాలకి ఉన్నట్టే మీ చదువుకున్నోళ్ళకీ ఏదో ఉంటుంది. అది చెప్పు."

"ఏ మాటా లేదు. ఏడునెలలు వచ్చింది. మొదటి రెండునెలలూ గోడకేసి చూస్తూ కూర్చుంది, నేను టీ పోసి ఇచ్చాను. మూడో నెల నుంచి మాట్లాడింది. తన భయాన్ని తనే చూసుకుంది, కొంచెం కొంచెంగా. దానికి అడ్డదారి ఉండదు."

"ఏడునెలలా?"

"ఏడు."

"అంత టైము లేదు."

"ఎవరికి లేదు?"

"ఎవరికీ లేదు. వదిలెయ్. ఒంట్లో ఎలా ఉందో అది చెప్పు. అన్నం తింటోందా? నిద్రపోతోందా? పిల్ల బతికే ఉందిగా?"

"ఎంత నోరండీ మీది. మనవరాలు బతికుందా అని అంత తేలిగ్గా ఎలా అడగ్గలిగారు?"

"తేలిగ్గా అడిగానని నీకెవరు చెప్పారు?"

"దాటుతున్న పిల్ల వెనకనించి 'నీ పాలు ఎండిపోను, నీ కడుపు మళ్ళీ పండకపోను, నీ బిడ్డ నీకు దక్కకపోను' అన్నది మీరే కదా. అయితే వినండి. జ్వరం లేదు, మన్నూ లేదు. రెండు పూటలా తింటోంది. ఐదానాకి రెండు పళ్ళొచ్చాయి. ఐదేళ్ళలో మొదటిసారి అయ్‌పెరీ దీపం ఆర్పి పడుకుంటోంది. మీ శాపం గాలికి పోయింది. చాలా? కడుపు నిండిందా?"

"నిజమా?"

"నేను చెప్పకూడనిది చెప్పించారు నా చేత. ఇరవైయేళ్ళ సర్వీసులో ఇలా నోరు జారలేదు. ఇక వెళ్ళండి."

"రెండు పళ్ళా? కిందవా, పైవా?"

"వెళ్ళండి, లేకపోతే కాపలా అతన్ని పిలుస్తా."

"పిలువు. నేనిక్కడే పడుకుంటా, ఈ గడపకే అడ్డం. ఎలా బయటికెళ్తావో చూస్తా."

"పడుకోండి. దాటి పోతా."

"దాటుతావా? పెద్దదాన్ని, నన్ను?"

"దాటుతా. అవతల గదిలో ఇంకో పిల్ల నాకోసం కాచుక్కూర్చుంది."

"భయం లేదా నీకు?"

"ఉంది. మా నాయనమ్మ చెప్పిన కథలన్నీ గుర్తున్నాయి. అయినా దాటుతా. మీకూ ఒక కూతురుందిగా? రేపు ఎవడో దాన్ని కార్లో పడేసుకుపోతే, అప్పుడు కూడా అందరూ చేసేదే అంటారా?"

"దాని ఊసెత్తకు."

"ఎందుకెత్తకూడదు? ఊళ్ళోవాళ్ళ పిల్లలయితే..."

"ఎత్తకన్నానా."

"మీ ఇంటిదాకా వస్తేగానీ నొప్పి తెలీదు."

"శనివారం ఎత్తుకుపోయారు."

"ఎవర్ని?"

"అక్మరాల్‌ని. నా పిల్లని. పంతొమ్మిదేళ్ళు. నర్సు చదువు. కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగింది, అంతే."

"పోలీసుల దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాం, వాళ్ళూ ఆ ఇంటికి వచ్చారు. 'ఇష్టపడే ఉన్నావా?' అన్నారు. తలూపింది."

"మీరు చూశారా తనని?"

"చూశా. నేను వాకిట్లో, అది లోపల. మధ్యలో ఆ ఇంటి ముసల్ది గడపకడ్డం పడుకునుంది. ఎనభయ్యేళ్ళుంటాయి, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంది. చెయ్యి చాపి 'దాటి రావే తల్లీ' అన్నా. నేనే అన్నా, ఈ నోటితోనే."

"రాలేదా?"

"ఏడుస్తూ నిలబడింది. పదకొండు రోజుల కింద వాకిట్లో నా పక్కనే ఉంది కదా, వాళ్ళ వదిన్ని నేనన్నవన్నీ వింది. 'నాకు పిల్లలు కావాలమ్మా, నువ్వే అన్నావుగా దాటితే దక్కరని' అంది. ఆ ముసల్దాన్ని దాటితే శాపం తగుల్తుందని నమ్మకం దానికి. నేనే నమ్మించా, చిన్నప్పట్నించీ."

"అపా, కూర్చోండి. మంచినీళ్ళిస్తా."

"నీళ్ళొద్దు. శుక్రవారం ముల్లా వచ్చి నిఖా చదువుతాడు. నీ ఏడునెలలు నాకెక్కడివి? అక్మరాల్ ఫోన్ బొంత కింద దాచుకుంది. రోజూ ఒకసారి తీస్తుంది. నేను చెప్తే అది నమ్మదు, నువ్వెవరో దానికి తెలీదు. అయ్‌పెరీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా, అది ఎక్కడుందో నాకేమీ చెప్పొద్దు, సమత్‌కి ఈ సంగతి తెలియనివ్వను. దాన్ని ఒక్కసారి నా కూతురికి ఫోన్ చెయ్యమను. 'దాటానే, నాకేం కాలేదు, మీ అమ్మ శాపం తగల్లేదు' అని చెప్పమను."