గాలివాన మూతి కుట్టిన బొంత

"నలభై తొమ్మిది గాలివానలో అందరికన్నా అన్యాయమైపోయింది ఎవరే అంటే, నేను. ఇళ్ళు కూలిన వాళ్ళకి తాటాకులిచ్చేరు. కొబ్బరిచెట్లు పోయిన వాళ్ళ పేర్లు రాసుకెళ్ళేరు. గాలివాన ఆపిన మనిషి పేరు ఎవడైనా రాసుకున్నాడా? పేపర్లో ఏం వేసేరు? గాలి దానంతటదే తగ్గిందిట. దానంతటదే తగ్గడానికి అదేమన్నా పాలపొంగా?"

అంటూ అప్పాయమ్మ సూదిని తల్లో నూనెకి ఓసారి రాసుకుని మళ్ళీ బొంతలో గుచ్చింది.

బండారులంకలో ఆవిడ ఇంటి అరుగు అది. లోపల మగ్గాలు టకటకమంటున్నాయి. అరుగు మీద చాప వేసి, చాప మీద పాత పంచెలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల చీరముక్కలు అతికి, చుట్టూ చేరి ఆడవాళ్ళు ఉయ్యాల బొంత కుడుతున్నారు. అప్పాయమ్మ మనవరాలు సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. మర్నాడు పిల్లని ఉయ్యాల్లో వేస్తారు. సత్యవేణి తల్లి లేని పిల్ల. పెంచింది, పెళ్ళి చేసింది, పురుడు పోసింది అంతా అప్పాయమ్మే.

సత్యవేణి అత్తగారు నూకాలమ్మ కొత్తపేట నించి ముందురోజే దిగింది. దిగుతూనే చట్టం చదివేసింది. ఉయ్యాల బొంతలో ముత్తయిదువల చీరముక్కలే ఉండాలిట. అప్పాయమ్మ తను కట్టుకున్న చీర కొంగు చూపించి, "ఇది మా ఆయన నేసిన ఆఖరి చీరండి, ఇందులోంచి చిన్న ముక్క కోసి పెడతాను" అంటే, నూకాలమ్మ మర్యాదగానే పక్కకి జరిపింది.

"మీరు కుట్టండి పిన్నిగారూ. మీ చెయ్యి చాలా మంచిదని విన్నాను. చీరే వద్దండి."

విధవరాలి చెయ్యి పనికొస్తుంది, చీర పనికిరాదు. ఇలాటి శాస్త్రాలు రాసిన మహానుభావుడెవడో గాని వాడు జన్మలో సూది పట్టుండడు. అప్పాయమ్మ నోరు తెలిసినవాళ్ళంతా ఇవాళ కొత్తపేట మునిగిందే అనుకున్నారు. ఆవిడ మాత్రం ఆ కొంగే ఒళ్ళో సర్దుకుని, బొంత అంచుని మోకాళ్ళ మీదికి లాక్కుని కూర్చుంది.

ఇంకాసేపటికి పక్కింటి పార్వతి ఓ కుట్టు వంకరగా వేసి, నాలిక కరుచుకుని దారం లాగబోయింది. నూకాలమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"ఒద్దమ్మా. పసిబిడ్డ బొంతకి వేసిన కుట్టు విప్పకూడదు. విప్పితే బిడ్డకి నిద్రుండదు. మా ఇంటా వంటా లేదు."

"ఆయ్, అలాగేనండి" అంది పార్వతి. అప్పాయమ్మ చెవులు ఆ మాట దగ్గర కాస్త నిలబడ్డాయి. తరవాతే గాలివాన ఎత్తుకుంది.

"ఆవేళ నేను చేసింది పెద్ద గొప్పేం కాదు. ఇలాగే ఓ బొంత కుట్టుకుంటున్నాను. మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఇదిగో, ఈ చీరే నేస్తున్నాడు. గాలి లేచింది, వాన దిగింది, గుంటలోకి మోకాటిలోతు నీళ్ళొచ్చేయి. లేవవయ్యా అన్నాను. పడుగు దారాలు తడిసి పోతాయే, మగ్గం మీంచి చీర దింపందే లేవనన్నాడు. నీళ్ళు నడుం దాకా వచ్చేయి. కాళ్ళు తిమ్మిరెక్కి తొక్కడం ఆపేసేడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈయన ఆపేసినా కింద తొక్కుడుచెక్కలు ఆడుతూనే ఉన్నాయి. ఇదేం చోద్యమని వంగి చూద్దును కదా, రెండు కొరమీనులు. కుడిచెక్క మీదొకటి, ఎడంచెక్క మీదొకటి."

"పులుసు పెట్టేవా అత్తా?" అంది పార్వతి.

"మగ్గం తొక్కినవాళ్ళని పులుసు పెడతారటే? పనయ్యేక గుప్పెడు అటుకులు పెట్టి కాలవలో దింపి వచ్చేను. సరే, కాళ్ళపని అవి చూసుకుంటున్నాయి. చేతులో? గాలి తూర్పు కిటికీలోంచి వచ్చి అడ్డపోగు లాక్కెళ్ళే నాడెని ఇటు తోసేది, పడమటి కిటికీలోంచి వచ్చి అటు తోసేది. మా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గాలి నేసిన నేతండి నూకాలమ్మగారూ, ఇందులోంచి దోమ ఊపిరి కూడా దూరదు. కావాలంటే ముట్టుకు చూడండి."

నూకాలమ్మ తన కుట్టు తను చూసుకుంటోంది. ముట్టుకోలేదు.

"అంతలో ఇంటి మీద తాటాకు లేచిపోయింది. పడుగు మీద వాన పడుతుందని నా బొంత పైకెత్తి, నాలుగు మూలలూ వాసాలకేసి కుట్టేసేను. గాలి ఊరుకుంటుందా, వాసాలతో సహా బొంతని లేవదీసింది. నేను వదల్లేదు. ఆఖరి కుట్టుకి ముడి పడలేదు మరి. ముడి పడకుండా సూది వదిలే ఆడదాన్నా నేను? బొంతతో పాటు నేనూ లేచేను. అమలాపురం సంత మీదుగా పోతున్నాను, ఉప్పలగుప్తం చేల మీదుగా పోతున్నాను, కింద కొబ్బరిచెట్లన్నీ వంగి వంగి నాకు దణ్ణాలు పెడుతున్నాయి. జనం ఏమనుకున్నారు? గాలికి వంగేయనుకున్నారు."

గుమ్మంలో పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చున్న సత్యవేణి, చిన్నపిల్లలా అడిగింది. "కిందకి చూస్తే భయం వెయ్యలేదా అమ్మమ్మా?"

"చూడ్డానికి తీరికేదే? కుట్టుకుంటూనే ఉన్నాను. కాట్రేనికోన దాటేసరికి సముద్రం. అక్కడ కనపడింది గాలివాన. మీరంతా గాలివానంటే గాలీ వానా అనుకుంటారు గాని, దానికో మూతి ఉంటుంది, ధాన్యం గోనెకి ఉన్నట్టు. ఈ గోలంతా అందులోంచే వస్తోంది. గోనె మూతి అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. గోనె మూతి కుట్టడం నాకొకళ్ళు నేర్పాలా?"

"దారం సరిపోయిందా పిన్నిగారూ?" అంది నూకాలమ్మ తలెత్తకుండానే.

"మంచి మాట అడిగేరు. సరిపోలేదండి. చినుకులు పట్టి పురి పెట్టేను. నేతోళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, తడి చేతికి తగిలితే చాలు, వడికేస్తాను. బొంత అడ్డం పెట్టి, మూతి చుట్టూరా కుట్టుకుంటూ వచ్చేను. ఒక్క కుట్టు వంకరపోలేదు. లోపల గాలివాన గుక్కపట్టి ఏడ్చింది, మన పిల్లలాగే. కాసేపు జోకొట్టేను. నిద్రపోయింది. ఇప్పటికీ అక్కడే పడుకునుంది. మొన్నటి వానకి కాస్త ఒత్తిగిల్లింది, అంతే."

"మరి ఇంటికెలా వచ్చేవత్తా?"

"ఒక అల ఇటే వస్తుంటే ఎక్కేను. వీధి మొగలో దింపింది. ఇంట్లోకొచ్చి చూద్దును కదా, మా ఆయన చీర దింపేసి, మడత పెట్టేసి, నెత్తిమీద పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడున్నాడు. మనిషంతా తడే, చీరకి చుక్క తగల్లేదు. ఇదిగోనే నీ చీర, అన్నాడు."

అప్పాయమ్మ ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఈసారి అడగలేదు. కొత్తపేట మనిషికి తప్ప అరుగు మీద అందరికీ తెలుసు. ఆ నీళ్ళలో నిలబడ్డ చలికే ఆయనకి జ్వరమొచ్చింది, ఆ జ్వరంలోనే పోయేడు. పార్వతి నూకాలమ్మ చెవిలో ఆ మాట చెప్పింది. నూకాలమ్మ సూది కాసేపు నడవలేదు.

అప్పాయమ్మ మళ్ళీ అందుకుంది. "అదండీ సంగతి. గాలిలో కుట్టేను, సముద్రం మీద కుట్టేను, ఏనాడూ ఈ చేతిలో కుట్టు తప్పలేదు. తప్పితే చెప్పుచ్చుకు కొట్టండి" అని, మంచినీళ్ళ కోసం దర్జాగా లేచింది.

ఆవిడతో పాటు బొంతా లేచింది.

కొంగు బొంతకి కుట్టేసుంది.

"ఏవండీ పిన్నిగారూ," అంది నూకాలమ్మ, "సముద్రం మీద తప్పని కుట్టు అరుగు మీద తప్పిందేవిటండీ?"

పార్వతి నవ్వాపుకోలేక బొంత అడుగుభాగం తిరగేసింది. నవ్వు ఆగిపోయింది. జానెడు కొంగు సాపుగా పరిచి, నాలుగు పక్కలా కుట్టుంది. గీత గీసి కుట్టినట్టుంది. పొరపాటున పడే కుట్టు అంత నలుచదరంగా పడదని సూది పట్టిన ఏ ఆడదానికైనా తెలుసు. నూకాలమ్మ పట్టినావిడే.

ఇప్పుడు అప్పాయమ్మ ఏదో ఒకటి చెప్పాలి. కావాలనే కుట్టేనంటే నూకాలమ్మ బొంతని ఉయ్యాల దాకా రానివ్వదు. తప్పు కుట్టేనంటే అమలాపురం మీదుగా ఎగిరిన ఎగురుడంతా అరుగు కింద పడుతుంది.

"కళ్ళానడం లేదండి నూకాలమ్మగారూ," అంది అప్పాయమ్మ. "ముసలిదాన్నయిపోయేను. ఎక్కడ పొడుస్తున్నానో తెలియడం లేదు."

ఆ నోట తగ్గిన మాట ఆ వీధి వినడం అదే మొదలు.

"విప్పేద్దామాండీ?" అని పార్వతి నూకాలమ్మని అమాయకంగా అడిగింది. "బిడ్డకి నిద్రుండదేమో మరి, మీ ఇంటా వంటా లేదన్నారు."

నూకాలమ్మ పార్వతి వైపు చూసింది. కోడలి వైపు చూసింది. సత్యవేణి పిల్ల కాళ్ళు నిమురుతోంది గాని, చూపు తాత నేసిన ఆ కొంగు మీదే ఉంది. నూకాలమ్మ ఆ నలుచదరం మీద వేలితో నాలుగు పక్కలా రాసింది. ఈసారి ముట్టుకుంది.

"విప్పకూడదమ్మా. కత్తెర తే."

కుట్టు వారగా, కుట్టుకి తగలకుండా, కొంగు తనే కోసింది. కోస్తూ కోస్తూ ఆగింది. "దోమ ఊపిరి దూరదన్నారు. నా కత్తెరే దూరడం లేదు. గాలి నేసిన నేతేనండి పిన్నిగారూ."

అప్పాయమ్మ జానెడు తగ్గిన కొంగు భుజాన వేసుకుని మళ్ళీ కూర్చుంది. "కొరమీనుల సంగతి మర్చిపోకండి. సగం పని వాటిది."

సత్యవేణి బొంతని తిరగేసి, ఆ ముక్క మీదే పిల్లని పడుకోబెట్టింది. పిల్ల కళ్ళు మూసుకుంది.

ఇక మిగిలింది తేదీ. బొంత పూర్తయ్యేక మూల మీద ఎర్రదారంతో తేదీ కుట్టడం ఆ వీధి వాడుక. ఇంట్లో పెద్దవాళ్ళే కుట్టాలి. సత్యవేణి ఎర్రదారం తెచ్చింది. "కళ్ళానడం లేదన్నావుగా, ఎక్కించి ఇవ్వనా అమ్మమ్మా?"

అప్పాయమ్మ సూది లాక్కుంది. దారం కొస నాలికతో తడిపి, పిల్లని చూస్తూనే ఒక్క పోటులో ఎక్కించేసింది. నూకాలమ్మ అది చూసింది. చూసి, చూడనట్టు ఎటో తిరిగింది. నిద్రపోతున్న పిల్ల కదలకుండా మూల ఒక్కటీ ఒళ్ళోకి తీసుకుని, అప్పాయమ్మ ఒక్కో అంకే కుట్టుకుంటూ వెళ్ళింది.

11-2-1953.